విశాఖ నుంచి విదేశం వెళ్లినవాళ్లకు బ్యాంకు ఖాతాలు: తెరవడం నుంచి తిరిగొచ్చేదాకా

మస్కట్‌లో ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు, ఒక శుక్రవారం పొద్దున నాన్న ఫోన్ చేశారు. "నీ ఖాతా ఆపేశారట రా. ఇంటి లోను కిస్తీ వెనక్కి వచ్చిందట" అన్నారు. ఏయూలో (ఆంధ్రా యూనివర్సిటీలో) చదివేటప్పుడు తెరిచిన మామూలు సేవింగ్స్ ఖాతా అది. దేశం దాటాక కూడా దాన్నే వాడుతూ వచ్చాను. జీతం అందులోకే పంపేవాణ్ని, పెదవాల్తేరు ఇంటి పై పోర్షన్ అద్దె అందులోకే వచ్చేది, కిస్తీ అందులోంచే కట్ అయ్యేది. ఈలోగా కేవైసీ, అంటే మన గుర్తింపు, చిరునామా కాగితాలు బ్యాంకు మళ్లీ సరిచూసుకునే గడువు, దాటిపోయింది. బ్యాంకువాళ్లు పంపిన మెసేజ్‌లన్నీ ఎప్పుడో ఆగిపోయిన నా పాత సిమ్‌కి వెళ్లాయి. డెబ్భై దాటిన నాన్న మూడుసార్లు బ్యాంకు చుట్టూ తిరిగారు. ఖాతా నా ఒక్కడి పేరు మీద ఉంది కాబట్టి ఆయనకు బ్యాలెన్స్ ఎంతో కూడా చెప్పలేదు. చెప్పకూడదు కూడా.

ఆ తిరుగుడు ఇంకో ఇంట్లో ఉండకూడదని ఇది రాస్తున్నాను. అప్పట్నుంచి మా చుట్టాల్లో, మా ఎంవీపీ కాలనీలో చాలామందికి ఈ ఫారాలు దగ్గరుండి నింపించాను. అన్ని ఇళ్లలోనూ చిక్కుకు మూలం ఒకటే: సముద్రానికి ఏ ఒడ్డున ఉన్నామో బ్యాంకుకు చెప్పకపోవడం. అది సమయానికి చెబితే మిగతా పనులన్నీ దాని వెనకే నడుస్తాయి.

ముందు తేలాల్సింది: మీరు ఎప్పటి నుంచి ఎన్ఆర్ఐ?

"ఇంకా 182 రోజులు కాలేదు కదా, ఇప్పుడే ఎందుకు?" అనే మాట చాలాసార్లు విన్నాను. ఆ రోజుల లెక్క ప్రధానంగా ఆదాయపు పన్ను కోసం. బ్యాంకు ఖాతాలను నడిపించేది వేరే చట్టం, 1999 నాటి విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం. అందరూ ఫెమా అంటారు. రోజులు మాత్రమే కాదు, మీరు ఎందుకు వెళ్లారన్నది కూడా ఫెమా చూస్తుంది. ఉద్యోగానికో, వ్యాపారానికో, తిరిగి ఎప్పుడొస్తామో చెప్పలేని పనికో దేశం విడిచి వెళితే, వెళ్లిన రోజు నుంచే నాన్ రెసిడెంట్ అవుతారు. ఆరు నెలలు ఆగే ప్రశ్నే లేదు.

చదువుకోవడానికి వెళ్లే పిల్లల సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. మధురవాడలోనో సీతమ్మధారలోనో ఏ అపార్ట్‌మెంట్‌లో అడిగినా అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఎంఎస్ చేస్తున్న పిల్లలు కనిపిస్తారు. "వాడు ఇంకా స్టూడెంటే, ఎన్ఆర్ఐ ఎలా అవుతాడు?" అని అడుగుతారు. అవుతాడు. చదువుకు వెళ్లినవాళ్లను కూడా నాన్ రెసిడెంట్లుగానే చూడాలని రిజర్వు బ్యాంకు 2003 డిసెంబరులోనే స్పష్టం చేసింది. ఇంటర్ అయ్యాక తెరిచి ఇచ్చిన సేవింగ్స్ ఖాతాను కూడా మార్చాల్సిందే.

ఇక కొడుకునో కూతురినో చూసి రావడానికి వెళ్లి, కొన్నాళ్లుండి తిరిగొచ్చే అమ్మానాన్నలు కంగారు పడక్కర్లేదు. వాళ్ల ఖాతాలు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి.

మార్చకపోతే ఏమవుతుంది? ఫెమా ఉల్లంఘనకు, మొత్తం లెక్కకు అందితే దానికి మూడు రెట్ల దాకా, అందకపోతే 2 లక్షల రూపాయల దాకా జరిమానా వేసే వీలుంది. ఆ మాట చెప్పి భయపెట్టడం నా ఉద్దేశం కాదు. మాకు వచ్చిన కష్టం జరిమానా కాదు. కిస్తీ వెనక్కి రావడం, ముసలాయన లైన్లో నిలబడటం.

ఎక్కడ పుట్టిన డబ్బు ఏ ఖాతాలోకి

రకాలు మూడు. పేర్లు చూస్తే తికమకగా ఉంటాయి గానీ, డబ్బు ఎక్కడ పుట్టిందో చూసుకుంటే గుర్తుంటాయి.

ఇక్కడ పుట్టిన డబ్బుకు ఎన్ఆర్ఓ. గాజువాకలో షాపు అద్దె, ఎల్ఐసీ మెచ్యూరిటీ, షేర్ల డివిడెండు, అమ్మిన స్థలం సొమ్ము ఇందులోకి వస్తాయి. మీ పాత సేవింగ్స్ ఖాతా మారేది కూడా ఇందులోకే. దీని వడ్డీ మీద బ్యాంకు 30 శాతం పన్ను, దానిపై సెస్సు కలిపి 31.2 శాతం టీడీఎస్, అంటే చేతికి రాకముందే పడే పన్ను కోత, పట్టుకుంటుంది. లక్ష రూపాయల వడ్డీ వస్తే 31,200 పోయి 68,800 చేతికొస్తుంది. వడ్డీ చిన్నదైనా కోత తప్పదు. పన్ను కట్టాల్సినంత ఆదాయం మీకు లేకపోతే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవాలి.

అక్కడ సంపాదించి పంపే డబ్బుకు ఎన్ఆర్ఈ. ఇదీ రూపాయల్లోనే ఉంటుంది. మీరు నాన్ రెసిడెంట్‌గా ఉన్నన్నాళ్లూ దీని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. అసలు, వడ్డీ రెండూ ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎంత కావాలంటే అంత విదేశానికి తీసుకెళ్లొచ్చు. ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే కనీసం ఏడాది ఉంచాలి. ఏడాది నిండకుండా తీస్తే వడ్డీ సున్నా. మా బావ పదకొండో నెలలో అపార్ట్‌మెంట్ అడ్వాన్సు కోసం డిపాజిట్ తీసేసి మొత్తం వడ్డీ పోగొట్టుకున్నాడు. ఇంకొక్క నెల సర్దుబాటు చేసుకుంటే సరిపోయేది.

డాలర్లను డాలర్లుగానే ఉంచుకోవాలంటే ఎఫ్‌సీఎన్ఆర్. ఇది ఏడాది నుంచి ఐదేళ్ల దాకా వేసే డిపాజిట్ మాత్రమే, సేవింగ్స్ ఖాతా కాదు. రూపాయి పడినా లేచినా మీకు సంబంధం ఉండదు. పిల్లల చదువు ఖర్చు డాలర్లలోనే ఉండబోయేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. మిగతావాళ్లకు తొందర లేదు.

ఎన్ఆర్ఈ నుంచి ఎన్ఆర్ఓకు డబ్బు మార్చడానికి ఎవరూ అడ్డు చెప్పరు. ఎన్ఆర్ఓ నుంచి ఎన్ఆర్ఈకి తిరిగి తేవాలంటే మాత్రం పన్ను కట్టినట్టు కాగితాలు, ఏడాదికి ఇంతే అన్న పరిమితి (అదెంతో కింద చెప్పాను) అన్నీ చూపించాలి. అందుకే ఇంటి ఖర్చుకు ఎంత కావాలో అంతే ఎన్ఆర్ఓలోకి దించండి. మొత్తం ఒకేసారి దించేసి తర్వాత బాధపడినవాళ్లను చూశాను.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. ఎన్ఆర్ఈ వడ్డీకి పన్ను లేదన్నది ఇక్కడి మాట. అమెరికాలో పన్ను రెసిడెంట్ అయితే అక్కడి రిటర్నులో ఆ వడ్డీ చూపించాల్సిందే. అమెరికా బయట మీకున్న ఖాతాలన్నిటిలో కలిపి, ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే ఫారం వేయాలి. ఖాతా తెరిచేటప్పుడు బ్యాంకువాళ్లు సంతకం పెట్టించుకునే ఫాట్కా (విదేశీ ఖాతాల వివరాల కోసం అమెరికా చేసిన చట్టం) కాగితం ఈ సమాచారం కోసమే. ఆ వివరాలు రెండు ప్రభుత్వాల మధ్య చేరతాయి.

వెళ్లేముందు ఒక పూట

వీసా చేతికొచ్చాక, టికెట్టు తీసుకున్నాక, మీ బ్రాంచికి వెళ్లి ఒక పూట కూర్చోండి. తర్వాత ఏడాదిపాటు ఈమెయిళ్లలో నలిగే పని ఆ పూటలో సగం అయిపోతుంది.

మొదటి పని బ్రాంచిని ఎంచుకోవడం. ద్వారకానగర్, సిరిపురం వైపు వరుసగా బ్యాంకులున్నాయి. ఎక్కువమంది ఎక్కడ వడ్డీ ఎక్కువో చూస్తారు. నేనైతే అమ్మానాన్నల ఇంటికి ఏది దగ్గరో చూడమంటాను. మీరు దుబాయ్‌లో ఉన్నప్పుడు ఆ బ్రాంచి మెట్లు ఎక్కేది వాళ్లే. లిఫ్టు లేని రెండో అంతస్తు బ్రాంచి అయితే వద్దు. అక్కడ ఎన్ఆర్ఐ పనులు చూసే ఆఫీసరు ఉన్నారో లేదో, బ్రాంచి ఈమెయిలు ఏమిటో అప్పుడే రాసుకోండి.

రెండోది, పాత ఖాతాను ఎన్ఆర్ఓగా మార్చే దరఖాస్తు, కొత్త ఎన్ఆర్ఈ ఖాతా ఫారం. పాత ఖాతా నంబరు అదే ఉంటుందా, కొత్తది ఇస్తారా అని తప్పకుండా అడగండి. బ్యాంకును బట్టి, శాఖలో వాడే పద్ధతిని బట్టి మారుతుంది. కొత్త నంబరు ఇస్తే లోను కిస్తీ, ఎల్ఐసీ ప్రీమియం, మ్యూచువల్ ఫండ్ సిప్, కరెంటు బిల్లు, అన్నిటికీ ఆటో డెబిట్ మళ్లీ పెట్టుకోవాలి. ఒక కాగితం మీద అన్నీ రాసి, ఒక్కొక్కటీ మార్చాక టిక్కు కొట్టుకుంటూ పోండి. ఒకటి మర్చిపోతే అదే బౌన్స్ అవుతుంది. మ్యూచువల్ ఫండ్లలో, డీమ్యాట్‌లో కూడా కేవైసీని ఎన్ఆర్ఐగా మార్పించుకోవాలి. పీపీఎఫ్ ఇప్పటికే ఉంటే గడువు తీరేదాకా కొనసాగించొచ్చు, పొడిగించడానికి వీల్లేదు. ఎన్ఆర్ఐ అయ్యాక కొత్తగా తెరవడానికీ వీల్లేదు.

మూడోది కాగితాలు. పాస్‌పోర్టు, వీసా లేదా వర్క్ పర్మిట్, పాన్ కార్డు, ఫొటోలు, విదేశీ చిరునామాకు రుజువు. ఈ చివరిది వెళ్లేముందు చాలామంది దగ్గర ఉండదు. గదిలో చేరి, ఎమిరేట్స్ ఐడీయో రెసిడెంట్ కార్డో డ్రైవింగ్ లైసెన్సో వచ్చాక పంపుతామని చెప్పి ఆ ఒక్కటి పెండింగు పెట్టించుకోండి. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లయితే భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు కూడా జత చేయాలి.

అప్పటికే వెళ్లిపోయారా? నకళ్ల మీద ఎవరితో సర్టిఫై చేయించాలో రిజర్వు బ్యాంకు నిబంధనల్లో ఉంది. అక్కడి నోటరీ, కోర్టు మెజిస్ట్రేటు లేదా జడ్జి, మన ఎంబసీ లేదా కాన్సులేటు, మన బ్యాంకుల విదేశీ శాఖల అధికారులు, మన బ్యాంకులతో సంబంధాలున్న విదేశీ బ్యాంకు శాఖలు. వీళ్లలో ఎవరైనా సరే. గెజిటెడ్ ఆఫీసరైన బాబాయి ఇక్కడ స్టాంపు వేసి పంపితే చెల్లదు. సెలవుకు ఇంటికొచ్చినప్పుడైతే ఇవేవీ అక్కర్లేదు. అసలు పాస్‌పోర్టు పట్టుకెళితే కౌంటర్‌లోనే చూసి, నకలు మీద ముద్ర కొట్టి తీసుకుంటారు.

ఇంటిపేరు దగ్గర ఆగిపోయే ఫారం

మనవాళ్ల దరఖాస్తులు ఎక్కువగా తిరిగొచ్చేది డబ్బు దగ్గర కాదు, పేరు దగ్గర. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు వేరే గడి ఉంటుంది. కొందరు దాన్ని ఖాళీ వదిలేసి, పేరంతా ఒకే గడిలో రాయించుకుంటారు. పాన్ కార్డులో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంకోలా. ఆధార్‌లో మీసేవ కుర్రాడు టైపు చేసిన స్పెల్లింగు. పెళ్లయిన ఆడపిల్లకైతే పుట్టింటి ఇంటిపేరు పాన్‌లో, అత్తింటిది పాస్‌పోర్టులో.

మా పిన్ని కూతురి ఫారం ఇలాగే రెండుసార్లు వెనక్కి వచ్చింది. మూడోసారి నేను దగ్గర కూర్చున్నాను. డైనింగ్ టేబుల్ మీద పాస్‌పోర్టు, పాన్, ఆధార్, వీసా పక్కపక్కన పరిచి, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదివాం. పేరు మధ్యలో "హెచ్" ఒకటి పాన్‌లో ఉంది, పాస్‌పోర్టులో లేదు. అంతే తేడా. మనిషి కంటికి ఆనదు, కంప్యూటరుకు ఆనుతుంది. పాస్‌పోర్టును ప్రమాణంగా పెట్టుకుని ముందు పాన్ సరిచేయించాం. ఆ తర్వాత ఖాతా తెరుచుకుంది.

మీరూ అదే వరుస పాటించండి: పాస్‌పోర్టులో ఉన్న పేరే అసలు పేరు, దానికి తగ్గట్టు పాన్, ఆ తర్వాతే బ్యాంకు. పాస్‌పోర్టులోనే తప్పుంటే మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసు పని ముందు, మిగతావి వెనక. సంతకం కూడా పాస్‌పోర్టులో పెట్టినట్టే పెట్టండి. పద్దెనిమిదేళ్ల వయసులో తెలుగులో పెట్టిన సంతకం ఇప్పుడు ఇంగ్లిషులోకి మారితే, పాత ఖాతాలో కొత్త సంతకం ముందుగా నమోదు చేయించుకోండి.

ఓడ మీద పనిచేసేవాళ్లు

విశాఖ పోర్టు ఊరు. మర్చంట్ నేవీలో కొడుకో అల్లుడో ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. వాళ్ల చిక్కు వేరు. వాళ్లకు విదేశీ చిరునామా ఉండదు, రెసిడెంట్ కార్డు ఉండదు. వాళ్ల చేతిలో ఉండేది సీడీసీ పుస్తకం. ఏ రేవులో ఓడ ఎక్కారో, ఏ రేవులో దిగారో తేదీతో సహా అందులో ముద్రలు పడతాయి. విదేశీ కంపెనీ ఓడలో పనిచేసేవాళ్లకు సీడీసీ, కంపెనీ కాంట్రాక్టు లెటర్ చూపిస్తే ఎన్ఆర్ఈ ఖాతా తెరుస్తారు.

పన్ను దగ్గర రోజుల లెక్క వీళ్లకు ప్రాణం లాంటిది. నాన్ రెసిడెంట్ సీమన్ విదేశీ ప్రయాణపు ఓడ మీద చేసిన పనికి వచ్చే జీతం ఇక్కడి ఎన్ఆర్ఈ ఖాతాలో పడ్డంత మాత్రాన దాని మీద ఇక్కడ పన్ను వేయరాదని ప్రత్యక్ష పన్నుల బోర్డు 2017లో సర్క్యులర్ ఇచ్చింది. ఆ మాట నిలబడాలంటే ఆ ఏడాది మీరు నాన్ రెసిడెంట్ అని రుజువు కావాలి. కాబట్టి సీడీసీలో ముద్ర పడిన ప్రతి పేజీ, పాస్‌పోర్టులో ఇమ్మిగ్రేషన్ ముద్ర పడిన ప్రతి పేజీ ఫొటో తీసి, ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఒక ఫోల్డర్‌లో ఇంట్లో ఒక నకలు ఉంచండి. ఉప్పునీటి తడికి చెరిగిపోయిన ముద్ర మూడేళ్ల తర్వాత ఎవరికీ కనిపించదు.

ఇంట్లో ఎవరికి ఎంత అధికారం

"నాన్న పేరు కూడా కలిపేశాను, ఇక టెన్షన్ లేదు" అంటారు. ఎన్ఆర్ఈ ఖాతాలో ఇక్కడుండే దగ్గరి బంధువును కలపొచ్చు. కానీ ఆ కలపడం "ఫార్మర్ ఆర్ సర్వైవర్" పద్ధతి మీదే జరుగుతుంది. అంటే మొదటి పేరువాళ్లు బతికున్నన్నాళ్లూ ఖాతా వాళ్లదే, రెండో పేరువాళ్లకు హక్కు తర్వాతే. నాన్నగారు చెక్కు రాయాలంటే పేరు ఉంటే చాలదు, మాండేట్ ఇవ్వాలి.

మాండేట్ అంటే బ్యాంకు ఫారమే. ఖాతాదారు, అధికారం పొందేవాళ్లు ఇద్దరూ సంతకాలు పెట్టాలి. దానితో నాన్న ఇక్కడి చెల్లింపులు చేయొచ్చు. మునిసిపల్ పన్ను, కరెంటు, అమ్మ ఆసుపత్రి ఖర్చు, మేస్త్రీ కూలీ, అన్నీ. ఆ డబ్బుతో ఇంకొకరికి బహుమతులు ఇవ్వడం, మీకు తప్ప ఇంకెవరికో విదేశానికి పంపడం కుదరదు. మా ఇంట్లో అప్పుడు ఈ ఒక్క కాగితం ఉంటే నాన్న మూడుసార్లు తిరిగేవారు కాదు. ఖాతా తెరిచిన రోజే ఇచ్చేయండి.

స్థలం అమ్మడం, రిజిస్ట్రేషను లాంటి పెద్ద పనులకు పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. అది విదేశంలో రాసి, కాన్సులేటులోనో నోటరీ దగ్గరో సంతకం పెట్టి పంపితే, ఇక్కడికి చేరిన 3 నెలల లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. కవరు వచ్చిన తేదీ దాచుకోండి. బీరువాలో పెట్టి మర్చిపోతే అవసరానికి పనికిరాదు.

నామినీని ప్రతి ఖాతాకూ, ప్రతి డిపాజిట్‌కూ విడిగా రాయించండి. 2025 నవంబరు 1 నుంచి నలుగురి దాకా పేర్లు ఇచ్చే వీలుంది, ఎవరికి ఎంత శాతమో కూడా రాయొచ్చు. పెళ్లికి ముందు తెరిచిన ఖాతాలో నామినీగా అమ్మే ఉండిపోయిన ఇళ్లు ఉన్నాయి. ఇంట్లో మాట్లాడుకుని తేల్చుకోండి. మాట్లాడటానికి ఇబ్బందిగా ఉంటుంది, నిజమే. అయినా మాట్లాడండి.

ఖాతాను బతికించి ఉంచడం

తెరవడం ఒక వారం పని. కాపాడుకోవడం ఉన్నన్నాళ్లూ పని. నా ఖాతా ఆగిపోయింది ఇక్కడే.

అన్నిటికన్నా ముందు ఫోన్ నంబరు. ఓటీపీ రాకపోతే డబ్బు మీదైనా చేతికి రాదు. ఇక్కడి ప్రీపెయిడ్ సిమ్‌ను 90 రోజులు వాడకపోతే ఆపేయొచ్చు. ఆ తర్వాత ఆ నంబరు ఇంకెవరికైనా ఇస్తారు. మీ ఓటీపీ తెలియని మనిషి ఫోనుకు వెళుతుందన్న మాట. మీ బ్యాంకు విదేశీ నంబరు తీసుకుంటే అదే ఇవ్వండి. తీసుకోకపోతే ఇక్కడి సిమ్‌ను అంతర్జాతీయ రోమింగ్‌తో పక్కన పెట్టుకుని, రీచార్జి తేదీ ఫోన్‌లో అలారం పెట్టండి. ఆ సిమ్ అమ్మ ఫోన్‌లో వేసి, "ఓటీపీ చదివి చెప్పమ్మా" అనే పద్ధతి మాత్రం మానేయండి. అమ్మకు ఫోన్‌లో ఓటీపీ చదివి చెప్పడం అలవాటు చేస్తే, రేపు ఎవడో బ్యాంకు నుంచని చెప్పి అడిగినా చదివేస్తుంది. ఆవిడను మనమే ఆ ప్రమాదంలోకి నెట్టినట్టు.

అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, సింగపూర్, హాంకాంగ్, యూఏఈ, సౌదీ, ఖతార్, ఒమన్ నంబర్లతో ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలకు యూపీఐ కలుపుకోవడానికి 2023లో అనుమతి వచ్చింది. మీ బ్యాంకు, మీ యాప్ రెండూ దానికి సిద్ధంగా ఉంటే ఇంటికి వచ్చినప్పుడు రైతుబజారులో కూరగాయలకు కూడా ఇబ్బంది ఉండదు.

రెండేళ్లపాటు మీ వైపు నుంచి ఏ లావాదేవీ లేకపోతే ఖాతా ఇనాపరేటివ్ అవుతుంది. వడ్డీ పడటం, బ్యాంకు చార్జీలు కట్ కావడం లావాదేవీ కిందికి రావు. ఏడాదికోసారి వంద రూపాయలైనా అటూ ఇటూ పంపండి. ఆగిపోయిన ఖాతాను మళ్లీ నడిపించడానికి చార్జీ తీసుకోకూడదు, అందులో మినిమమ్ బ్యాలెన్స్ లేదని జరిమానా వేయకూడదు. ఈ నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి ఉంది. ఎవరైనా అడిగితే మర్యాదగా గుర్తుచేయండి. పదేళ్లు దాటితే డబ్బు రిజర్వు బ్యాంకు దగ్గరున్న నిధికి వెళుతుంది, అప్పుడు కూడా మీది మీకు ఇస్తారు. తాతగారి పాత ఖాతాలేమైనా ఉన్నాయేమో రిజర్వు బ్యాంకు వారి ఉద్గమ్ పోర్టల్‌లో వెతకొచ్చు.

కేవైసీ గడువు రిస్కు వర్గాన్ని బట్టి 2, 8 లేదా 10 ఏళ్లు. మీది ఏదో అడిగి తెలుసుకోండి. పాస్‌పోర్టు, వీసా రెన్యూ అయిన ప్రతిసారీ కొత్త నకలు అడగకుండానే పంపడం నా అలవాటు. ఈమెయిలు పంపాక, "అందింది, నమోదు చేశాం" అని జవాబు వచ్చేదాకా వదలను.

డిపాజిట్ ఇన్సూరెన్సు ఎన్ఆర్ఐ ఖాతాలకూ ఉంటుంది. ఒక బ్యాంకులో ఒకరికి అన్నీ కలిపి 5 లక్షల దాకానే. జీవితకాలపు పొదుపు ఒకే చిన్న బ్యాంకులో పెట్టేవాళ్లు ఈ అంకె గుర్తుంచుకోవాలి.

పన్ను తగ్గించుకోవడం, డబ్బు బయటికి తీసుకెళ్లడం

ఎన్ఆర్ఓ వడ్డీ మీద 31.2 శాతం కోత చాలామందికి తగ్గించుకునే దారి ఉంది. మీరున్న దేశంతో మనకున్న పన్ను ఒప్పందంలో వడ్డీకి తక్కువ రేటు ఉండొచ్చు. సాధారణంగా అమెరికాకు 15 శాతం, యూఏఈకి 12.5 శాతం. దానికి ఆ దేశపు పన్ను శాఖ నుంచి ట్యాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్ తెచ్చి, ఇన్నాళ్లూ 10ఎఫ్ అని పిలిచిన ఫారంతో కలిపి బ్యాంకుకు ఇవ్వాలి. ప్రతి ఆర్థిక సంవత్సరమూ ఇవ్వాలి, ఏప్రిల్‌లోనే ఇవ్వాలి. కోత పడ్డాక ఇస్తే బ్యాంకు వెనక్కి ఇవ్వదు, రిటర్నులో అడుక్కోవాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి ఫారాల నంబర్లు బ్యాంకులో మళ్లీ అడిగి రాసుకోండి.

మీ ఇంట్లో అద్దెకుండేవాళ్లకు కూడా ఒక బాధ్యత ఉంది. యజమాని ఎన్ఆర్ఐ అయితే అద్దెలో టీడీఎస్ పట్టి కట్టాల్సింది వాళ్లే. ఆ సంగతి అగ్రిమెంటు రాసే రోజే చెప్పండి, తర్వాత నోటీసు వస్తే పాపం వాళ్లు ఇరుక్కుంటారు.

ఎన్ఆర్ఓ నుంచి విదేశానికి ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల డాలర్ల దాకా పంపొచ్చు. స్థలం అమ్మిన డబ్బు, వారసత్వంగా వచ్చింది, అద్దె పొదుపు ఏదైనా సరే, పన్ను కట్టి ఉండాలి. పాత ఆదాయపు పన్ను చట్టం కింద 15సీఏ, 15సీబీ అన్న రెండు ఫారాలు ఇందుకు వాడేవారు, వీటి కొత్త నంబర్లు కూడా బ్యాంకులో అడగండి. మొదటిది మీరు ఆన్‌లైన్‌లో నింపేది, రెండోది చార్టర్డ్ అకౌంటెంటు ఇచ్చేది. అమ్మకం దస్తావేజు, కొన్నప్పటి దస్తావేజు, పన్ను చలానా ఒకే ఫైలులో ఉంటే సీఏకి పని తేలిక.

భూముల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. ఆనందపురం, భీమిలి వైపు పొలాలు చవకగా ఉన్నాయని గల్ఫ్ నుంచి డబ్బు పంపి కొనమంటారు. ఎన్ఆర్ఐ సాగుభూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. ఇల్లు, ప్లాటు, షాపు కొనుక్కోవచ్చు, ఆ చెల్లింపు ఎన్ఆర్ఈ లేదా ఎన్ఆర్ఓ నుంచి బ్యాంకు ద్వారా జరగాలి.

సెలవుకు వచ్చేటప్పుడు నోట్లు తెస్తే, నోట్లుగా 5,000 డాలర్లు, లేదా అన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర డిక్లరేషన్ ఇవ్వాలి. ఆ కాగితం ఉంటేనే అంత మొత్తం ఎన్ఆర్ఈలో జమ చేసుకుంటారు.

విదేశాల నుంచి విశాఖ వచ్చినవాళ్లకు

ఏయూలో చదవడానికి వచ్చిన విదేశీ విద్యార్థులు మా వీధిలో అద్దెకుంటారు, వాళ్లకూ ఈ సహాయం కావాలి. పాస్‌పోర్టు, వీసా, అడ్మిషన్ లెటర్‌తో ఎన్ఆర్ఓ ఖాతా తెరవొచ్చు. ఇక్కడి చిరునామా రుజువు 30 రోజుల్లో ఇవ్వాలి. అది ఇచ్చేదాకా బయటి నుంచి 1,000 డాలర్లకు మించి రాకూడదు, నెలకు 50,000 రూపాయలకు మించి తీయకూడదు. కాబట్టి ఇంటి యజమానులారా, అద్దె అగ్రిమెంటు ఆలస్యం చేయకుండా రాసివ్వండి. ఆ పిల్లలు ఫీజు కట్టలేక ఇబ్బంది పడతారు. ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉంటున్న విదేశీయులకు మామూలు రెసిడెంట్ ఖాతానే ఇస్తారు. పర్యటనకు వచ్చినవాళ్లకు ఆరు నెలలకు మించకుండా ఎన్ఆర్ఓ ఉంది.

తిరిగి వచ్చేశాక

ఇక ఉండిపోవాలని వచ్చేశారా? వెళ్లిన రోజున చేసిన పనే మళ్లీ, తలకిందులుగా. స్థిరపడటానికి వచ్చిన రోజు నుంచి ఫెమా ప్రకారం మీరు రెసిడెంట్. ఎన్ఆర్ఓ మామూలు సేవింగ్స్ అవుతుంది. ఎన్ఆర్ఈ కూడా రెసిడెంట్ ఖాతా అవుతుంది, లేదా ఆ డబ్బును ఆర్‌ఎఫ్‌సీ ఖాతాలోకి, అంటే తిరిగొచ్చినవాళ్లు విదేశీ కరెన్సీలోనే ఉంచుకునే ఖాతాలోకి, మార్చుకోవచ్చు. మళ్లీ వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లకు, పిల్లలు అక్కడే చదువుతున్నవాళ్లకు ఆర్‌ఎఫ్‌సీ మంచిది. ఎఫ్‌సీఎన్ఆర్ డిపాజిట్‌ను గడువు తీరేదాకా ఒప్పుకున్న వడ్డీకే ఉంచుకోవచ్చు.

పన్ను దగ్గర జాగ్రత్త. రెసిడెంట్ అయిన రోజు నుంచి ఎన్ఆర్ఈ డిపాజిట్ వడ్డీకి మినహాయింపు ఆగిపోతుంది. బ్యాంకుకు చెప్పకపోతే వాళ్లు పన్ను పట్టుకోరు, బాధ్యత మాత్రం మీ మీద ఉంటుంది. చాలా ఏళ్లు బయట ఉండి వచ్చినవాళ్లకు మొదట కొన్నాళ్లు ఆర్ఎన్ఓఆర్ అనే మధ్య హోదా దొరకవచ్చు. ఆ కాలంలో ఎఫ్‌సీఎన్ఆర్, ఆర్‌ఎఫ్‌సీ వడ్డీకి పన్ను ఉండదు. మీ రోజుల లెక్క పట్టుకుని సీఏ దగ్గర ఒక గంట కూర్చోండి.

నేను తిరిగొచ్చిన వారంలో పాస్‌పోర్టు, వీసా రద్దు కాగితం, పాన్, ఇంటి కరెంటు బిల్లు పట్టుకుని బ్రాంచికి వెళ్లాను. నాన్న కూడా వస్తానన్నారు. ఆఫీసరు ఆయన మాండేట్‌ను రద్దు చేసి, రెసిడెంట్ ఖాతాలో మా ఇద్దరి పేర్లూ "ఎవరైనా ఒకరు" అన్న పద్ధతిలో రాశారు. ఇప్పుడు పై పోర్షన్ అద్దె పడిన రోజు ఫోన్ నాకూ మోగుతుంది, ఆయనకూ మోగుతుంది.